డ్రాగనైట్‌కి లైఫ్ ఆర్బ్ వద్దండీ

పోకెమాన్ స్కార్లెట్, వైలెట్ సింగిల్స్ (ఒక్కో పోకెమాన్‌తో ఆడే పోరు) కోసం మీరిచ్చిన దూకుడు టీమ్‌లో డ్రాగనైట్‌కి అడమెంట్ నేచర్ (దాడి పెంచే స్వభావం), లైఫ్ ఆర్బ్ (దెబ్బ బలం పెంచే వస్తువు) పెట్టారు. రెండూ మార్చాలండీ. ఎదుటివాళ్లు స్టెల్త్ రాక్ (లోపలికి వచ్చే పోకెమాన్‌కి గుచ్చుకునే రాళ్లు) వేసి ఉంటే డ్రాగనైట్ లోపలికి రాగానే 25 శాతం హెచ్‌పీ (ప్రాణశక్తి) పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం దాని మల్టీస్కేల్ సామర్థ్యం పోవడం. హెచ్‌పీ నిండుగా ఉంటేనే కదా అది దెబ్బను సగానికి తగ్గించేది! పైగా లైఫ్ ఆర్బ్ కొట్టిన ప్రతిసారీ 10 శాతం తినేస్తుంది. రాళ్ల దెబ్బ తగలనివ్వని హెవీ డ్యూటీ బూట్స్ పెడితే ఈ గొడవే లేదు.

ఇక స్పీడ్. 100వ లెవెల్లో స్పీడ్‌లో 252 ఈవీలతో (శిక్షణ పాయింట్లతో), ఒక డ్రాగన్ డాన్స్ (దాడి, స్పీడ్ పెంచే మూవ్) తర్వాత అడమెంట్‌కి 388, స్పీడ్ పెంచే జాలీ నేచర్‌కి 426. ఎదురయ్యే వేగమైన పోకెమాన్ డ్రాగపల్ట్ గరిష్ఠ స్పీడ్ 421. అది ఘోస్ట్ రకం కాబట్టి ముందుగా కొట్టే నార్మల్ రకం మూవ్ ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ దానికి తగలదు, మామూలు స్పీడ్‌తోనే దాటాలి. అందుకే జాలీ.

మొదట ఫోకస్ సాష్‌తో (హెచ్‌పీ నిండుగా ఉంటే ఒక్క దెబ్బకే పడిపోకుండా కాపాడే వస్తువు) గార్చాంప్‌ని దింపి రాళ్లు వేయించండి. గోల్డెంగో మీద రాళ్లను తీసేసే డీఫాగ్ గానీ ర్యాపిడ్ స్పిన్ గానీ పనిచేయవు, కాబట్టి సమయం చూసి దాన్ని దింపితే ఆ రాళ్లు నిలుస్తాయి. కింగాంబిట్‌ని మాత్రం తొందరపడి బలిపెట్టకండి. దాని సుప్రీమ్ ఓవర్‌లార్డ్ సామర్థ్యం వల్ల పడిపోయిన ఒక్కో తోటి పోకెమాన్‌కి దాని దెబ్బ 10 శాతం పెరుగుతుంది, అయిదుగురూ పోతే 50. అయితే ఎదుటివాళ్లు దాడి చేయకుండా బలం పెంచుకునే స్వోర్డ్స్ డాన్స్ లాంటిది వేస్తే, దాడి చేసేవాళ్లకే తగిలే దాని సక్కర్ పంచ్ వృథా. అలా అనిపించినప్పుడు ఆ షరతు లేని కౌటౌ క్లీవ్ కొట్టండి.