సవరణ: గ్రైండర్‌కి వెల్‌క్రో డిస్క్ బిగించడం గురించి

పాత తలుపుల పాలిష్ తీయడం మీద రాసిన పోస్టులో "నాలుగంగుళాల గ్రైండర్‌కి వెల్‌క్రో ప్యాడ్ బిగించి శాండ్‌పేపర్ డిస్క్ అతికిస్తే చాలు" అని ఉంది. ఆ వాక్యాన్ని అలాగే పట్టుకుని పని మొదలుపెట్టకండి.

అసలు సంగతి స్పీడు. మామూలు నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతుంది. దానికి అయిదంగుళాల ప్యాడ్ వేస్తే అంచు గంటకు 250 కిలోమీటర్లు దాటి పరిగెడుతుంది. కాస్త పక్కకు అతికిన డిస్క్ కూడా ఎగిరిపడొచ్చు. పైగా నొక్కి పట్టి రుద్దితే వేడికి ప్యాడ్ మీది సన్నటి ప్లాస్టిక్ కొక్కాలు కరిగి నున్నగా అయిపోతాయి, ఇక ఏ డిస్కూ నిలవదు. ప్యాడ్ మీద, డిస్క్ వెనక సాధారణంగా గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు దాటకూడదో ఆ అంకె) ముద్రించి ఉంటుంది. అది మెషీన్ అంకె కంటే తక్కువుంటే వాడకూడదు, అంతే. ఏ అంకే లేని చవక సరుకు గ్రైండర్‌కి వద్దు.

వెల్‌క్రోకి స్పీడు తగ్గించుకునే పాలిషర్ మేలు. డ్రిల్ కూడా సరిపోతుంది. చాలావాటి స్పీడు 3,000 లోపే.

గ్రైండరే దిక్కయితే ఫైబర్ డిస్క్ (గట్టి అట్టలాంటి వెనకభాగం ఉన్న గరుకు బిళ్ల) తీసుకోండి. మధ్యలో రంధ్రం ఉంటుంది, వెనక రబ్బరు ప్యాడ్ పెట్టి ముందు నుంచి నట్‌తో బిగిస్తారు, కాబట్టి జారదు. కాకపోతే ఇది ఇనుముకు బాగుంటుంది. టేకు తలుపు మీద ఒక్క క్షణం ఆగినా అర్ధచంద్రాకారపు గాడి పడుతుంది, అది పోవాలంటే మళ్లీ చేత్తో రుద్దాల్సిందే.

డిస్క్ మార్చేటప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకండి.