గూటి దగ్గర తీసిన ఫొటోకు బహుమతి ఇవ్వకండి

ఈ ఉదయం నగర శివారు చెరువు దగ్గర చూసింది నాకింకా మింగుడు పడడం లేదు. నీరు వెనక్కి తగ్గి గులకరాళ్లు తేలిన చోట ఒక తీతువు జంట గుడ్లు పెట్టింది. ఒకాయన ఆ గుడ్లకు మూరెడు దూరంలో గొంతుక్కూర్చుని ఫోనుతో వీడియో తీస్తున్నాడు, ఆయన మిత్రులు చుట్టూ నిలబడ్డారు. పక్షులు రెండూ వాళ్ల తలల మీదుగా దూసుకుపోతూ గొంతు చించుకుని అరుస్తుంటే, ఆ అరుపు వీడియోలో బాగా వస్తుందని ఇంకాసేపు అక్కడే ఉండిపోయారు. దయచేసి దూరం జరగండని మర్యాదగానే అడిగాను. "మేమూ ప్రకృతి ప్రేమికులమే సార్, గుడ్లను ముట్టుకోలేదు కదా" అన్నారు.

ముట్టుకోకపోతే హాని జరగనట్టేనని నమ్మేవాళ్లు పక్షుల ఫొటోలు తీసే మనలోనే ఇంతమంది ఉండడం నాకు బాధగా ఉంది. తీతువుకు చెట్టు మీద గూడు ఉండదు. నేల మీద చిన్న గుంటలో, రాళ్లలో రాళ్లలా కలిసిపోయే నాలుగు గుడ్లు పెట్టి, దాదాపు నెల రోజులు పొదుగుతుంది. వేసవి ఎండలో పొదగడమంటే వెచ్చదనం ఇవ్వడం కాదు, గుడ్లు ఉడికిపోకుండా కాపాడడం. అందుకే తల్లీ తండ్రీ వంతులవారీగా నీటి దగ్గరకు వెళ్లి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తాయి, రెక్కలు విప్పి నీడ పడతాయి. మనం పక్కన కూర్చున్నంతసేపూ ఆ పని ఆగిపోతుంది. ఏప్రిల్ ఎండలో అది ఎంతసేపు ఆగితే లోపలి ప్రాణం పోతుందో వీడియో తీసేవాళ్లు ఆలోచించరు. పైగా మనుషులు గుమిగూడిన చోటును కాకులూ వీధికుక్కలూ గమనిస్తాయి, మనం వెళ్లగానే అవి వస్తాయి. తీతువు కూత అరిష్టమని చెప్పుకునే ఊళ్లలో కూడా ఆ భయంతోనే దాని జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు. ప్రేమ పేరుతో దగ్గరకు వెళ్లే మనకంటే ఆ భయమే దానికి ఎక్కువ మేలు చేసింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అంటే ఏమిటో నిర్వచించిన చోట, అడవి పక్షుల గుడ్లను పాడుచేయడంతో పాటు గుడ్లకూ గూళ్లకూ అలజడి కలిగించడాన్ని కూడా చేర్చింది. తుపాకీ పట్టుకున్నవాణ్ని వేటగాడని తిట్టే మనం ఈ మాట ఒకసారి నెమ్మదిగా చదవాలి. అభయారణ్యాల్లో జంతువులను వేధించకూడదని, చెత్త వేయకూడదని కూడా అదే చట్టం చెబుతుంది. శని, ఆదివారాల్లో నల్లమల దారుల్లో కార్లు ఆపి కోతులకు చిప్స్ విసిరి, ఖాళీ కవర్లు అక్కడే వదిలి, ఇంటికి రాగానే అడవిని కాపాడాలంటూ పోస్టులు పెట్టేవాళ్లందరికీ అది వర్తిస్తుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కుదిపేది వీరాపురం. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని ఆ ఊరికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఇళ్ల మధ్య ఉన్న చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా ఆ ఊరివాళ్లు వాటిని చూసుకుంటారు. పక్షులు బెదురుతాయని టపాసులు కాల్చరు. రెట్టల వాసన, పడిపోయిన చేపల కంపు, తెల్లవార్లూ గోల అన్నీ భరిస్తారు. వాళ్ల దగ్గర లక్షల రూపాయల లెన్సులు లేవు, పక్షి శాస్త్రీయ నామం అడిగితే చెప్పలేకపోవచ్చు. అలాంటి ఊళ్లకు మనం వెళ్లి, కొంగలు ఒక్కసారిగా ఎగిరితే ఫొటో బాగుంటుందని చప్పట్లు కొడతాం. గూటి మీది పెద్దపక్షి లేచిపోయిన ఆ కాసేపట్లో పిల్లలు ఎండకు మాడతాయనీ, గద్దలకు దొరుకుతాయనీ ఆ ఊరి పిల్లలకు తెలుసు.

అడవులు పోవడానికి పశువుల కాపరులనూ చెంచులనూ తప్పుపట్టడం మన సమావేశాల్లో ఏళ్లుగా వింటున్నాను, ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. కడప జిల్లా శ్రీలంకమల అడవి అంచున కలివికోడి అనే అరుదైన పక్షి అంతరించిపోయిందనుకున్న తర్వాత 1986లో మళ్లీ దొరికిందంటే, పరిశోధకులకు స్థానికులు తోడుగా నిలిచారు కాబట్టే. పొదల్లో తిరిగే మనిషికి తెలిసిన ఆ ఓర్పును మనం నేర్చుకోలేదు. అరుదైన పక్షి కనిపిస్తే, అది చూశామని చెప్పుకోవాలన్న తొందరలో చోటుతో సహా గంటలోపే గ్రూపుల్లో పెట్టేస్తున్నాం, మర్నాటికి అక్కడ కార్లు బారులు తీరుతున్నాయి. చూసిన పక్షుల వివరాలు ఎవరైనా నమోదు చేసే ఈబర్డ్ వంటి ఆన్‌లైన్ వేదిక కూడా ప్రమాదంలో ఉన్న కొన్ని జాతులు కనిపించిన చోట్లను బయటపెట్టదు. మనకు ఆ పాటి నిగ్రహం ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

నా అసలు కోపం ఫొటో పోటీలు నడిపేవారి మీద. గుడ్లు, గూడు, నోరు తెరిచిన పిల్లలు ఉన్న చిత్రాలకు మీరు ఏటా బహుమతులిస్తున్నారు, కొత్తగా కెమెరా కొన్న కుర్రాడు దాన్ని చూసి గూడు వెతుక్కుంటూ బయలుదేరుతున్నాడు. అతణ్ని ఒక్కణ్నే తిట్టి లాభం లేదు. గూటి చిత్రాలను, రికార్డు చేసిన కూతలు వినిపించి రప్పించిన పక్షుల చిత్రాలను తీసుకోబోమని ఈ ఏడాది నిబంధనల్లో మొదటి వాక్యంగా రాయండి. అది రాసేవరకు నేను ఏ పోటీకీ ఫొటోలు పంపను, ఏ ప్రదర్శనకూ రాను, మిత్రులను కూడా రావద్దనే అడుగుతాను.