లెక్క తేలేదాకా తోట ఆగదు

వడగళ్లు పడిన మర్నాడు టమాటా తోటకు వెళ్తే కంటి కంటే ముందు ముక్కుకే తెలిసిపోతుంది. నలిగిన ఆకుల పసరు వాసన గట్టు దాకా కొడుతుంటుంది. ఆకులు జల్లెడ అయిపోయి ఉంటాయి. కొన్నిచోట్ల ఈనెలే మిగులుతాయి. గాలి కొట్టిన వైపు కాండం మీద చెక్కు లేచి తెల్లగా కనిపిస్తుంది, రెండో వైపు మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా ఉంటుంది. కాయ దూరానికి బాగానే ఉంటుంది. చేతిలోకి తీసుకుని తిప్పితే భుజం మీద గోలీ అంత గుంట. సాళ్ల మధ్య నిలబడ్డ రైతును అప్పుడు తొలిచే ప్రశ్న ఒకటే: దీన్ని ఇప్పుడు ముట్టుకోవచ్చా, కూడదా?

ఈ టెన్షన్‌కు కారణం సర్కారు సాయం కోసం అధికారులు రాసుకునే పంట నష్టం జాబితా. విరిగిన కొమ్మలు తీసేసి, ఒరిగిన మొక్కలు లేపి కట్టుకుంటే నాలుగు రోజుల తర్వాత వచ్చే అధికారికి తోట బాగానే కనిపిస్తుంది. జాబితాలో పేరు ఎక్కదు. చూడటానికి వచ్చేదాకా అలాగే వదిలేస్తే పేరు ఎక్కుతుంది, తోట పోతుంది. వడగళ్లు ఎలాగూ మన చేతిలో లేవు. ఈ చిక్కుముడి మాత్రం మనం వేసుకున్నదే, విప్పడమూ మన చేతిలోనే ఉంది.

మదనపల్లె, అంగళ్లు, ములకలచెరువు, గుర్రంకొండ, పుంగనూరు, పలమనేరు చుట్టుపక్కల వేసవి టమాటానే అసలు పంట. చలి తగ్గగానే నారు నాటితే ఏప్రిల్ నుంచి కోతలు మొదలవుతాయి. సరిగ్గా ఆ పూత, పిందె రోజుల్లోనే మధ్యాహ్నం దాకా ఎండ మండిపోయి, సాయంత్రానికి ఆకాశం నల్లబడుతుంది. వేడెక్కి పైకి లేచిన గాలి నీటి బొట్లను గడ్డకట్టే ఎత్తుకు మోసుకెళ్తుంది. అవి పైకీ కిందికీ తిరిగి పొరలు పొరలుగా మంచు పట్టి, ఇక మోయలేనంత బరువయ్యాక రాళ్లై రాలతాయి. పట్టుమని పావుగంట వాన. అదీ అన్ని ఊళ్లలో పడదు. ఒక ఊరి తోటలు నేలపాలైతే, చెరువు అవతలి ఊళ్లో దుమ్ము కూడా అణగదు.

దెబ్బ తిన్న టమాటాకు తనను తాను బాగు చేసుకునే ఓపిక చాలానే ఉంది. కాకపోతే ఆ ఓపికకు వారం పది రోజులే గడువు. మొదటి రోజు చేయాల్సింది సాళ్లలో నిలిచిన నీటిని బయటికి తీయడం. వేర్లకు గాలి ఆడకపోతే పైన ఎన్ని మందులు కొట్టినా దండగే. ఆకు తడి ఆరకుండా తోటలో దిగి కట్టడం మొదలుపెడితే ఒక మొక్క తెగులును మన చేతులే పది మొక్కలకు పంచుతాయి. తడి ఆరాక, గాయాల్లోంచి శిలీంద్రం, బాక్టీరియా చొరబడకుండా లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేయాలి. ఇది ఒకటి రెండు రోజుల్లో జరిగితేనే ఫలితం.

చిరిగిన ఆకుల్ని అసహ్యంగా ఉన్నాయని దూసేయడం చాలామంది చేసే పొరపాటు. సగం ఆకు కూడా మొక్కకు అన్నం వండి పెడుతుంది, కాయకు నీడ ఇస్తుంది. ఆ నీడ పోతే ఏప్రిల్ ఎండకు కాయ మీద తెల్లటి బొబ్బ లేస్తుంది. అప్పుడు వడగళ్లు వదిలిన కాయలనూ ఎండ తినేస్తుంది. తల విరిగిన మొక్క చచ్చినట్టు కాదు. వారం పది రోజుల్లో ఆకు మొదళ్ల నుంచి కొత్త పిలకలు వస్తాయి. మామూలు రోజుల్లో గిల్లి పారేసే ఆ పిలకల్లో బలమైనవి ఒకటి రెండు ఉంచి పురికొసకు ఎక్కిస్తే తోట మళ్లీ నిలబడుతుంది, కోత మాత్రం రెండు మూడు వారాలు వెనక్కి పోతుంది. చివుళ్లు కనిపించాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు లీటరు నీటికి 5 గ్రాములు కలిపి ఆకుల మీద కొడితే సరిపోతుంది. కంగారులో యూరియా గుప్పిస్తే వచ్చేది మెత్తటి ఆకు, దాని వెనకే తెగులు. మొదలంటా విరిగినవాటిని పీకేయాల్సిందే. పగిలిన కాయలు కోసి పొలం బయట పడేయాలి. రంగు తిరుగుతున్నవాటిని ఏ ధర వచ్చినా వెంటనే మండీకి పంపేయడమే మేలు.

ఇప్పుడు ఈ పది రోజుల పక్కన సర్కారు క్యాలెండర్ పెట్టి చూడండి. కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమాలో వడగళ్లను స్థానిక విపత్తుగా గుర్తించి, పొలం వారీగా నష్టం లెక్కించాలన్న నిబంధన ఉంది. రైతు 72 గంటల్లో చెప్పుకోవాలి. ఆ తర్వాత 48 గంటల్లో సర్వేయర్‌ను వేయాలి, వేశాక పది రోజుల్లో అంచనా పూర్తి కావాలి. అంతా గడియారం పట్టుకుని చేసినా రెండు వారాలు. తోట అన్నాళ్లు ఆగదు. పైగా టమాటాకు ఎక్కువగా వర్తించేది వాతావరణ ఆధారిత బీమా, అంటే వాతావరణ కేంద్రంలో నమోదైన లెక్కలను బట్టి చెల్లించేది. అందులో వడగళ్లకు రక్షణ అదనంగా చేర్చుకుంటేనే ఉంటుంది. పక్క ఊళ్లోని వాతావరణ కేంద్రానికి ఈ ఊళ్లో రాళ్లు పడిన సంగతే తెలియదు.

బీమా లేనివారికి విపత్తు సహాయ నిధి దిక్కు. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం, 33 శాతం, అంతకు మించి పంట పోతే సాగునీటి భూమికి హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు ఏడు వేలు కూడా రాదు. కర్రలు నాటి, తీగ లాగి, నేల మీద మల్చింగ్ షీటు పరిచి పండించే టమాటాకు ఎకరాకు లక్షకు పైనే ఖర్చవుతోంది. ఆ ఏడు వేలు కర్రల అద్దెకూ చాలవు. అసలు తగాదా ఆ 33 శాతం దగ్గరే. వరి నేలకు ఒరిగితే, మామిడి రాలితే ఎవరి కంటికైనా కనిపిస్తుంది. టమాటా మొక్క పచ్చగా నిలబడి ఉంటుంది కాబట్టి అంచనా కాగితంలో ఇరవై శాతం పడుతుంది. మండీ వేలంలో మాత్రం గుంట పడిన కాయ మచ్చకాయే. దాని ధర బాక్సు కూలీకి సరిపోతే అదృష్టం. మొక్కను చూసి నష్టం రాస్తే కాయ నష్టం ఎక్కడా లెక్కకు రాదు.

2023 మార్చిలో తెలంగాణలో వడగళ్లు విరుచుకుపడ్డాయి. ఫసల్ బీమా నుంచి ఆ రాష్ట్రం 2020లోనే తప్పుకుంది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పొలాల్లోకి వెళ్లి ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించారు. కౌలు రైతులకూ అందాలన్నారు. మంచి మాట. ఆ రోజు చెప్పిన సుమారు 2.28 లక్షల ఎకరాల లెక్కలో మొక్కజొన్న, వరి, మామిడి విడివిడిగా ఉన్నాయి. కూరగాయలకు సొంత వరుస లేదు. 'ఇతర పంటలు, 17 వేల ఎకరాలు' అన్న మాటలోనే టమాటా అయినా సర్దుకోవాల్సి వచ్చింది. నాలుగు నెలలకు అదే టమాటా కిలో వంద దాటింది. అప్పుడు మాత్రం అది 'ఇతర' పంట కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్ల ముందు 50 రూపాయల సబ్సిడీ టమాటాకు క్యూలు కట్టారు. కొనేవాడి కోసం అంత చురుగ్గా కదిలిన యంత్రాంగం పండించేవాడి కోసమూ కదలగలదు.

వలల సంగతీ చెప్పుకోవాలి. హిమాచల్‌ప్రదేశ్‌లో యాపిల్ తోటల మీద వడగళ్ల వలలకు 80 శాతం సబ్సిడీ ఇస్తున్నారు. కేంద్ర ఉద్యాన మిషన్ 2014 మార్గదర్శకాల్లో చదరపు మీటరుకు 35 రూపాయల ఖర్చు లెక్కగట్టి సగం భరిస్తామన్నారు. ఆ లెక్కన ఎకరాకు దాదాపు లక్షా నలభై వేలు, రైతు వాటా డెబ్బై వేలు. ఏళ్ల తరబడి ఉండే యాపిల్‌కు కుదిరిన లెక్క, నాలుగైదు నెలల టమాటాకు, అందులోనూ ఏడాదికో పొలం మారే కౌలు రైతుకు కుదరదు. నారుమళ్లకూ, కర్రలు కట్టిన తోటల్లో కొంత భాగానికీ వలలు అద్దెకిచ్చే పద్ధతి పెట్టి చూడవచ్చు. వడగళ్లను ఆపుతామంటూ ఆకాశంలోకి పేల్చే ఫిరంగులకు శాస్త్రీయ రుజువు లేదు. వాటి మీద పైసా పెట్టొద్దు.

వచ్చే మార్చిలోపు మేము అడుగుతున్నది ఒక ఉత్తర్వు. వడగళ్లు పడిన 24 గంటల్లో తేదీ, స్థలం నమోదయ్యేలా ఫోన్‌తో తీసిన ఫొటోలను నష్టానికి ఆధారంగా ఒప్పుకోవాలి. ఆ ఫొటోల్లో కాయల దగ్గరి ఫొటో తప్పనిసరిగా ఉండాలి. ఫొటో ఎక్కించిన వెంటనే తోట బాగు చేసుకోవచ్చని, అందువల్ల పేరు పోదని రాతపూర్వకంగా చెప్పాలి. కౌలు కార్డు లేకపోయినా ఆ పొలంలో సాగు చేస్తున్నవారే ఫొటో ఎక్కించే వీలుండాలి. ఎకరాకు 200 లీటర్ల నీటికి పట్టే కాపర్ మందు 600 గ్రాములు. వాన పడ్డాక పట్నం పరుగెత్తే పని లేకుండా అది సీజన్‌కు ముందే ఊరి రైతు సేవా కేంద్రంలో ఉండాలి.