ఎక్స్‌రే గొట్టం గారికి ఒక మోకాలి మనవి

మహారాజశ్రీ ఎక్స్‌రే గొట్టం గారికి, గుంటూరు కొత్తపేటలో కుడి మోకాలు పట్టుకుని కూర్చున్న ఒక పేషెంటు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నా గానీ, కుశలంగానే ఉంటే మీ గదికి ఎవరొస్తారు?

ముందు మీ పనితనం సంగతి. లోపల టంగ్‌స్టన్ తీగను కాల్చి ఎలక్ట్రాన్లు పుట్టిస్తారు, వాటిని వేల వోల్టులు పెట్టి లాగి ఎదురుగా ఉన్న ఆనోడ్ బిళ్ళకేసి కొడతారు, ఇంత హడావుడీ చేశాక అందులో 99 శాతం వేడి కింద పోయి ఎక్స్ కిరణాలయ్యేది ఒక్క శాతం. మే నెల గుంటూరులో ఉంటూ ఇంకా వేడి పుట్టించాలని ఎలా అనిపించిందండీ? ఆ బిళ్ళ కూడా టంగ్‌స్టనే, 3,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు కాబట్టి సరిపోయింది. దెబ్బంతా ఒకేచోట పడకుండా దాన్ని నిమిషానికి 3,000 సార్లు గిర్రున తిప్పుతారట, ఫోటోకి ముందు గుయ్‌మనే చప్పుడు అదేనట. మా మామయ్య మాత్రం ఆ చప్పుడే రేడియేషన్ అనుకుని గట్టిగా కళ్ళు మూసుకుంటాడు.

ఇక ఆ ఒక్క శాతం. టంగ్‌స్టన్ కేంద్రకం పక్కనుంచి దూసుకుపోయే ఎలక్ట్రాన్, లాడ్జి సెంటర్‌లో పోలీసును చూసిన ఆటోలాగా ఉన్నట్టుండి వంపు తిరిగి బ్రేకేస్తుంది, అప్పుడు పోగొట్టుకున్న శక్తే కిరణమై బయటికొస్తుంది. లోపలి కక్ష్యలో ఎలక్ట్రాన్‌ను తన్నేసి ఆ ఖాళీ నిండేటప్పుడు కిరణం పుట్టించే దారి ఇంకోటుంది గానీ, దానికి దాదాపు 70 కిలోవోల్టులు కావాలి. నా మోకాలికి 60 పెట్టారు. బిల్లులో తగ్గించారా అంటే, అదీ లేదు.

1895లో మీ కిరణాలను కనిపెట్టిన రాంట్‌జెన్ గారు భార్య చేతి ఎముకల్ని ఉంగరంతో సహా ఫోటో తీశారు, పేటెంటు మాత్రం తీసుకోలేదు. ఆయన వదిలేసిన డబ్బులు కూడా మా దగ్గరే వసూలవుతున్నట్టున్నాయి.

టెక్నీషియన్ కుర్రాడు బటన్ నొక్కేముందు సీసం గోడ వెనక్కి పరిగెత్తాడు చూడండి, నాకు భలే కోపమొచ్చింది. తీరా అడిగితే అతను దాక్కున్నది మీకంటే నాకే ఎక్కువట. మీ కిరణాలు నా కండలో ఎలక్ట్రాన్లకు తగిలి దారి మళ్ళి నలువైపులా చెదురుతాయట. అంటే అయిదారు క్షణాలు కూడా కాకుండా, కనురెప్పపాటు సేపు నేనే ఒక ప్రమాదకరమైన మనిషినన్నమాట! స్విచ్ ఆపితే గదిలో ఏమీ మిగలదని కూడా చెప్పాడు, అయినా మామయ్య తలుపు దగ్గరే నిలబడ్డాడు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు. మీకు ఎముకంటేనే మర్యాద. కాల్షియం పరమాణు సంఖ్య 20, మాంసంలో ఉండే కార్బన్, ఆక్సిజన్లది 6, 8. మీ కిరణాన్ని పూర్తిగా మింగేసే గుణం ఆ సంఖ్యకు ఘనం లెక్కన పెరుగుతుంది, అందుకే ఎముక తెల్లగా వెలుగుతుంది, మిగతాదంతా మసకే. కీళ్ళ మధ్య గుజ్జు అని మేం పిలిచేది కూడా ఆ మసకలోనే కలిసిపోతుంది, ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్ల సంగతి సరేసరి. మీకు కనిపించేది రెండెముకల మధ్య సందు మాత్రమే, ఆ సందు తగ్గితే గుజ్జు అరిగిందని ఊహిస్తారు.

మరి నన్ను బల్లమీద పడుకోబెట్టి తీశారే! బరువు పడని మోకాట్లో సందు బాగానే ఉండొచ్చు కదా? రిపోర్టులో నార్మల్ అని రాశారు. మామయ్య అదే ఫిల్ముని ట్యూబ్‌లైటుకు పెట్టి, తలకిందులుగా చూసి, "గుజ్జంతా అయిపోయిందిరా అబ్బాయ్" అని తేల్చేశాడు. కనపడనిదాని గురించి ఇద్దరూ తీర్పు చెప్పేశారు, నేను మాత్రం మెట్లు దిగలేకపోతున్నాను.

కాబట్టి మనవి ఏమనగా, ఈసారి నన్ను నిలబెట్టి తీయించండి. నిలబడలేక వచ్చినవాడే నిలబెట్టమంటున్నాడని నవ్వకండి.

ఇట్లు,
తమ విధేయ కుడి మోకాలు