చెవితో పెట్టిన ముహూర్తం

మన పురోహితులు ముహూర్తాన్ని ఘడియల్లో, విఘడియల్లో చూస్తారు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, లేక్ ఆఫ్ ది ఓజార్క్స్ మీద వేగపు పడవలు నడిపేవారు దానిని డిగ్రీల్లో చూస్తారు. 454 ఘనపు అంగుళాల షెవర్లే వీ8 ఇంజనులో, పిస్టన్ పై అంచుకు చేరడానికి, పిస్టన్లు తిప్పే ఇరుసు అయిన క్రాంకు తిరుగుడు లెక్కలో, సుమారు 34 డిగ్రీల ముందే ఇంధనాన్ని మండించే స్పార్క్ పడాలి. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే వేళ ఆ వ్యవధి సెకనులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇంతటి సూక్ష్మకాలాన్ని చూపడానికి టైమింగ్ లైట్ అనే పరికరం ఒకటి ఉంది. అది అనుభవజ్ఞులకు జరుగుతున్న ఘోరమైన అవమానం కనుక, దానిని తక్షణమే నిషేధించాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

అనుభవజ్ఞుడు సిలిండర్లకు స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టును వదులు చేసి, తల ఓరగా వంచి, కళ్లు అరమూసి, దానిని ఇటు కొంచెం అటు కొంచెం తిప్పి, ఇంజను శ్రుతి కలిసిందని తోచిన చోట బిగించేస్తాడు. ఒడ్డున ఖాళీగా తిరిగే ఇంజను, స్పార్కును ముందుకు జరిపే కొద్దీ హుషారుగా పాడుతుంది. పాడేది బరువు లేనప్పుడు మాత్రమేనన్నది గిట్టనివాళ్ల మాట.

గిట్టనివాళ్లకు వాదనలు కూడా ఉన్నాయి. కారు ఎక్కిన గుట్టను దిగుతుంది, దిగేటప్పుడు ఇంజనుకు ఊపిరాడుతుంది; పడవకు మాత్రం నీళ్లు ఎప్పుడూ ఎక్కుడుబాటే, దిగుడన్నదే లేదు. అందుకే పాతకాలపు కారు డిస్ట్రిబ్యూటరుకు ఉండే వాక్యూమ్ అడ్వాన్స్, అంటే బరువు తగ్గినప్పుడు స్పార్కును ఇంకాస్త ముందుకు జరిపే అమరిక, సాధారణంగా ఈ పడవలకు ఉండదు. స్పార్క్ మరీ ముందుగా పడితే ఇంధనం సాఫీగా కాలకుండా పేలి పిస్టన్‌ను సుత్తిలా కొడుతుంది. పడవ గొట్టాల రొదలో ఆ దెబ్బ చెవికి చేరదు. వినబడని చప్పుడుకు అనుభవజ్ఞుడిని బాధ్యుణ్ని చేయడం ఏ ధర్మమో నాకు తెలియదు.

పైగా లైటు పట్టుకున్నవాళ్ల పరువు కూడా అంతంత మాత్రమే. లైటు వెలుగులో చూసే గుర్తు, క్రాంకు కొసన తిరిగే బ్యాలన్సర్ అనే చక్రం బయటి రింగు మీద గీసి ఉంటుంది; ఆ రింగు రబ్బరు మీద కూర్చుని ఉంటుంది. రబ్బరు ముసలిదైతే రింగు జారుతుంది, దానితో గుర్తు కూడా అబద్ధమాడుతుంది. 8 అంగుళాల రింగు అంచున ఒక డిగ్రీ అంటే 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. కాబట్టి మొదటి సిలిండరులో పిస్టన్‌కు అడ్డుకట్ట పెట్టి, క్రాంకును చేత్తో రెండు వైపులా తిప్పి, ఆగిన రెండు చోట్లా గీతలు గీసి, నడిమధ్యను అసలైన పైఅంచుగా గుర్తించాలట. అంత ఓపిక ఉన్న మనిషి పడవ ఎందుకు కొంటాడు?

మా బావగారు కొన్నారు. సెకండ్‌హ్యాండ్ పడవ, సొంత చెవి. “ఇంకో నాలుగు డిగ్రీలు ముందుకు జరిపితే ఏం కాదు బావా, వేగం గంటకు నాలుగు మైళ్లు పెరుగుతుంది” అన్నారు. ఆగస్టు ఎండలో, లీవర్ పూర్తిగా తోసి ఉండగా, సరస్సు నడుమ ఇంజను కుంటడం మొదలుపెట్టింది. తాడు కట్టించుకుని ఒడ్డుకు చేరాక స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే, తెల్లని పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు, వాటి నడుమ మెరిసే అల్యూమినియం రవ్వలు. ఆ రవ్వలు పిస్టన్‌వి. బావగారు వాటిని చాలాసేపు పరిశీలించి, తప్పు పెట్రోలుదని తేల్చారు.

కొత్త పిస్టన్లు వచ్చాయి. నేను పుట్టినరోజుకు ఇచ్చిన టైమింగ్ లైట్ సీటు కింద, అట్టపెట్టె టేపు కూడా ఊడకుండా, భద్రంగా ఉంది.