వైన్ టేస్టింగ్ బల్ల మీది ఉమ్ముబకెట్టు గారికి

మహారాజశ్రీ ఉమ్ముబకెట్టు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరి కుశలం అడగక్కర్లేదు. సాయంత్రమైనా అడుగు తడవకుండా మిలమిలలాడుతున్నారంటే కులాసాగా ఉన్నట్టే. ఇటలీలోని బొలోన్యాలో తాల్యతెల్లే అనే పాస్తా తిని, రైలెక్కి మోదెనాలో దిగి, అద్దెకారులో కాస్తెల్వెత్రో ద్రాక్షతోటలకు వచ్చే జంటల్లో కొందరు తమర్ని పూలకుండీ అనుకుంటారు, కొందరు ఐసు బకెట్టు అనుకుంటారు. రుచి చూసిన వైన్‌ను మింగకుండా ఉమ్మేది తమరిలోనేనని తెలిసినవాళ్లేమో తమరికి వీపు తిప్పి నిలబడతారు.

"ఏమండీ, అందులో ఉమ్మెయ్యండి, బండి నడిపేది మీరే."

"నలుగురిలో ఉమ్మడమేమిటోయ్, అసహ్యంగా! పైగా డబ్బులు పోసి కొన్నదాయె."

ఇదీ వరస. లెక్క తమరికి తెలియంది కాదు. గ్లాసుకు 40 మి.లీ. చొప్పున ఐదు రకాలు, రోజుకు మూడు తోటలు: మనిషికి 600 మి.లీ. అంటే 750 మి.లీ. సీసాలో ఐదింట నాలుగు వంతులు. మధ్యాహ్నం భోజనంతో పుచ్చుకున్నది ఇందులో కలపలేదు. ఇక్కడి ఎర్ర వైన్ లాంబ్రుస్కో చల్లగా, బుడగలతో ఉంటుంది గనక కూల్‌డ్రింకులా జారిపోతుంది. లేబుల్ మూలన చిన్న అక్షరాల్లో ఉన్న 11 శాతం ఆల్కహాల్‌ను ఎవరూ చదవరు. ఇటలీలో బండి నడిపేవారి రక్తంలో లీటరుకు 0.5 గ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే చట్టవిరుద్ధం. లైసెన్సు వచ్చి మూడేళ్లు నిండనివారికైతే సున్నాయే. ‘మర్యాద కోసం మింగాం’ అంటే పోలీసువారు వినరు.

అయితే తప్పంతా జంటలదే అనడానికి మనసొప్పడం లేదు. ఉమ్మడం ఎలాగో తమరు ఎవరికైనా నేర్పారా? నోరు తెరుచుకుని కూర్చోవడమే గానీ! మేమే చెప్పాల్సి వచ్చింది. రెండు చెంచాలకు మించకుండా పుచ్చుకోవాలి. నాలుక మీద, చిగుళ్ల దాకా తిప్పాలి. పెదవుల సందులోంచి కాస్త గాలి లోపలికి పీల్చాలి. తర్వాత ‘ఊ’ అన్నట్టు పెదవులు ముడిచి, బుగ్గలు గట్టిగా బిగించి ఒక్క ధారగా వదలాలి. సిగ్గుపడి మెల్లగా వదిలారా, అది గడ్డం మీదుగా చొక్కాలోకి దారి వెతుక్కుంటుంది. గురి తమరి గోడకు పెట్టాలి, నడుమకు కాదు; నడుమ పడితే అక్కడున్నది ఎగిరి ముఖాన కొడుతుంది. జుట్టు, మెడలో స్కార్ఫు ముందే వెనక్కి వేసుకోవాలి.

లాంబ్రుస్కో దగ్గర ఇంకో మెలిక. నోట్లో వేడికి బుడగలు పొంగుతాయి. గుక్క పెద్దదై, అదే క్షణంలో భర్తగారు ఏదో జోకు వేశారా, ఇల్లాలి ముక్కులోంచి ఎర్రటి నురగ వస్తుంది. అది లాంబ్రుస్కోలో గ్రాస్పరొస్సా రకం అయితే బల్లగుడ్డ పని అయిపోయినట్టే, దాని రంగు అంత ముదురు. అందుకే ముందు సొర్బారా అనే రకం. రంగు లేత, పులుపు ఎక్కువ, వగరు తక్కువ. ఆ తర్వాతే గ్రాస్పరొస్సా. తిరగేస్తే పాపం సొర్బారా నీళ్లలా తోస్తుంది. ఒకటి మార్చి ఒకటి పోసేటప్పుడు గ్లాసును నీళ్లతో తొలవొద్దు. రాబోయే వైన్‌నే చుక్క పోసి, గిర్రున తిప్పి, తమరి నోట్లో పొయ్యాలి. ఇదొక్క పని మాత్రం జంటలు సంతోషంగా చేస్తారు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది కదా.

తమరి పక్కన పార్మిజానో రెజ్జానో ముక్కల పళ్లెం ఉంటుంది చూడండి, అది తమరికి పోటీదారు. ఆ చీజు కనీసం 12 నెలలు మాగింది. దాని కొవ్వు, ఉప్పు కలిసి వైన్ వగరును మింగేస్తాయి. అది నములుతూ తాగితే నాసి సీసా కూడా అమృతమే. ‘ఆపిల్‌తో రుచి చూసి కొను, చీజుతో రుచి చూపించి అమ్ము’ అని వ్యాపారులు ఊరికే అనలేదు. ఇంటికి ఆరు సీసాలు మోసుకెళ్లి, చీజు లేకుండా మూత తీసి, "అక్కడ తాగింది ఇదేనంటారా?" అని భార్య అడిగేది ఇందుకే. ముందు ఉత్తి నోటితో రుచి చూసి, ఉమ్మి, నచ్చిన దానికి టిక్కు పెట్టుకుని, ఆ తర్వాత పళ్లెం ముట్టుకోవాలి.

మోదెనా సంప్రదాయ బాల్సమిక్ వెనిగర్ సంగతి వేరు. అటకమీద పీపాల్లో కనీసం 12 ఏళ్లు, ‘ఎక్స్‌ట్రావెక్కియో’ అయితే 25 ఏళ్లు ఊరిన సరుకు అది, 100 మి.లీ. బుడ్లలో అమ్ముతారు. చెంచాలో నాలుగు చుక్కలు. దాన్ని తమరి పాలు చెయ్యమని మేమూ అనం, మింగాల్సిందే. కానీ అది చివరికి. ఆ తీపి, పులుపు పట్టిన నాలుకకు పొడి వైన్ చేదుమందులా ఉంటుంది. చీజు డెయిరీకి పొద్దున్నే పోవాలి, రాగి గంగాళాల్లోంచి గడ్డకట్టిన చీజు ముద్దను పైకి తీసేది అప్పుడే. మధ్యాహ్నం తోట, సాయంత్రం వెనిగర్ అటక. తోటవాళ్లకు ముందే కబురు పెట్టుకోవాలి. భోజనవేళ తలుపు తట్టి లాభం లేదు.

తమరున్నారన్న ధీమాతో రోజుకు ముప్పై రకాలు రుచి చూసే మహానుభావులూ ఉన్నారు. ఎంత ఉమ్మినా కొంత గొంతులోకి జారుతుంది. పదిహేను దాటాక నాలుకకు వగరు తప్ప ఏదీ తెలియదు. అప్పుడు కాగితం మీద రాసుకున్నవన్నీ ‘బాగుంది, బాగుంది’.

ఇట్లు,
తమరి శ్రేయోభిలాషులు

తా.క. పక్కనున్న నీళ్ల జగ్గుకు తమరు కాస్త ఎడంగా జరగండి. మూడో తోటకు వచ్చేసరికి మీ ఇద్దరికీ తేడా తెలియని జంటలు ఎక్కువ.