శ్రీ ‘ఎలాగూ విప్పాం కదా’ గారి సముఖమునకు

మహారాజశ్రీ ‘ఎలాగూ విప్పాం కదా’ గారికి, డాలస్ శివారులోని ఒక ఇంటి గ్యారేజీ నుంచి అనేక నమస్కారములు చేసి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమం. తమరి క్షేమం గురించి వేరే అడగనక్కర లేదు. మా మిత్రుడి క్రెడిట్ కార్డు బిల్లు పెరుగుతున్న తీరును బట్టి తమరు దినదినాభివృద్ధి చెందుతున్నారని తెలుస్తూనే ఉన్నది.

తమరు మాకు కొత్తవారేమీ కారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్ దించినప్పుడల్లా "ఎలాగూ దించాం కదా సార్, క్లచ్ ప్లేటు కూడా వేసేద్దాం" అని మేస్త్రీ నోట పలికింది తమరే. అయితే అక్కడ తమరికి ఒక హద్దు ఉండేది. లారీ ఓనరు పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు, బండి ఆగిన ప్రతి రోజూ కిరాయి పోయేది, అందువల్ల తమరు రెండు మూడు సామాన్ల దగ్గర నోరు మూసుకోక తప్పేది కాదు. అమెరికాలో సరదా కోసం కారు విప్పుకునే సాఫ్ట్‌వేరు ఉద్యోగి దగ్గర ఆ హద్దు లేదు; ఆఫీసుకు వెళ్లడానికి ఇంట్లో ఇంకో కారు ఉంటుంది, విప్పిన కారు నెలల తరబడి స్టాండ్ల మీద ఉన్నా అడిగేవాడు ఉండడు. తమరు ఇక్కడ గ్రీన్ కార్డు కోసం ఎదురు చూడకుండానే స్థిరనివాసం ఏర్పరచుకోవడానికి కారణం అదేనని మా అభిప్రాయం.

ఇక విషయానికి వస్తాను. మా మిత్రుడి దగ్గర 2010 నాటి షెవర్లే కార్వెట్ ఉన్నది. దానిలోని 6.2 లీటర్ల ఎల్‌ఎస్3 ఇంజిన్ కంపెనీ నుంచే 430 గుర్రాల బలంతో వచ్చింది. పాపను కూచిపూడి క్లాసులో దింపి రావడానికి అంత బలం చాలదని ఎవరూ అనలేరు. మిత్రుడు కూడా అనలేదు. ఆయనకు కావలసింది వేరు. ఎర్రలైటు దగ్గర ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ లయ తప్పి, కారు మొత్తం గడగడ వణకాలి, పక్క కారులో ఉన్నవారు అద్దం దించి చూడాలి. అందుకు క్యామ్‌షాఫ్ట్, అంటే తన మీది ఉబ్బులతో (లోబులతో) ఇంజిన్ వాల్వులను తెరిచే కడ్డీ, మార్చాలి. కంపెనీ క్యామ్ గాలి లోపలికి రానిచ్చే ఇన్‌టేక్ వాల్వును 0.551 అంగుళాల ఎత్తుకు లేపుతుంది, లోబు మీద ఆనే లిఫ్టరు అనే ముక్క 0.050 అంగుళాలు లేచిన దగ్గర నుంచి కొలిస్తే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) 204 డిగ్రీలు తిరిగేంతసేపు తెరిచి ఉంచుతుంది. మిత్రుడు ఎంచుకున్నది 0.600 అంగుళాలు దాటి లేపి, 228 డిగ్రీల పాటు తెరిచి ఉంచే రకం. ఇన్‌టేక్ వాల్వు, పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం అలా పెరిగినందువల్లే ఆ వణుకు పుడుతుంది. పదహారు లోబులున్న ఆ ఇనుప కడ్డీ ధర సుమారు 400 నుంచి 500 డాలర్లు. కడ్డీ ధరనే పని ధర అనుకునే అమాయకుల ఇళ్లకే తమరు విస్తరి చేతబట్టుకుని వస్తారు.

గోచిపాతను ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును, ఆవు మేతకు పొలాన్ని, పొలం చూసుకోవడానికి ఇల్లాలిని తెచ్చుకుని సంసారి అయిపోయిన సన్యాసి కథ మా వైపు ప్రతి పిల్లవాడూ విన్నదే. ఆ సన్యాసి పక్కన కూర్చుని సలహాలు చెప్పింది తమరేనని మా గట్టి అనుమానం.

అయినా న్యాయం న్యాయమే. తమరు చెప్పేవన్నీ అనవసరమైనవని నేను అనను, అంటే అబద్ధమవుతుంది. వాల్వును తెరవడం క్యామ్ పని, దాన్ని మూయడం స్ప్రింగు పని. కంపెనీ స్ప్రింగు కంపెనీ క్యామ్ ఎత్తుకు తగ్గట్టు చుట్టినది, దాన్ని 0.600 అంగుళాలకు మించి నొక్కితే చుట్టు మీద చుట్టు ఆనుకుని ఇక నలగడానికి చోటు ఉండదు, అప్పుడు క్యామ్ కదలికను పైకి చేర్చే పుష్‌రాడ్ వంగాలి, లేదా దాని పైన వాల్వును నొక్కే రాకర్ విరగాలి. చోటు మిగిలినా బలం చాలకపోతే, ఇంజిన్ వేగం పెరిగినప్పుడు వాల్వు వేళకు సీటు మీదికి తిరిగి రాక, పైకి వస్తున్న పిస్టన్‌కు ఎదురుపడుతుంది. ఆ ఎదురుకోలు తరువాత జరిగే ఖర్చు ముందు తమరి చిట్టీలన్నీ చిల్లర లెక్కలే. కాబట్టి కొత్త స్ప్రింగులు, వాటిని పట్టి ఉంచే మూతలైన రిటైనర్లు, వాల్వు సీళ్లు తప్పనిసరి. పుష్‌రాడ్లు కూడా గట్టివి కావాలి, అదీ కొలిచి తెప్పించుకోవాలి, ఎందుకంటే కొత్త క్యామ్ బేస్ సర్కిల్ (లోబులో ఉబ్బు లేని గుండ్రటి భాగం) చిన్నదైతే పాత 7.400 అంగుళాల పొడుగు సరిపోకపోవచ్చు. అయితే ఒక్క మనవి: ఇవి తమరి సలహాలు కావు, క్యామ్‌షాఫ్ట్ ఆజ్ఞలు. ఇంజిన్ విప్పాక గుర్తుకు రావలసినవి కావు, క్యామ్‌తో పాటు అదే రోజున ఆర్డరు పెట్టవలసినవి. వాటిని తమరి ఖాతాలో వేసుకుని, ఆ పరపతితో మిగతావన్నీ అమ్ముకోవడమే తమరి అసలు వ్యాపారం.

రెండో తరగతి సామాను తమరికి మరీ ఇష్టం, ఎందుకంటే దాని మీద వాదించేవాడు ఉండడు. ఎల్‌ఎస్ ఇంజిన్‌లో క్రాంక్ పుల్లీకి తాళపుచీల ఉండదు. అది బిగువు మీదనే నిలబడుతుంది, ఆ బిగువును కాపాడే బోల్టు ఒక్కసారి సాగితే మళ్లీ పనికిరాదు. కొత్త బోల్టును 37 ఫుట్ పౌండ్ల వరకు బిగించి, ఆ పైన ఇంకో 140 డిగ్రీలు తిప్పాలి. ఆ 140 డిగ్రీలు తిప్పేటప్పుడు పొడుగు పైపు తొడిగిన రెంచీ మీద ఇద్దరు వేలాడిన దృశ్యం చూసినవారెవరూ పాత బోల్టుతో సరిపెడదామని అనరు. ఫ్రంట్ కవర్ గ్యాస్కెట్, క్రాంక్ ముందరి ఆయిల్ సీల్, వాటర్ పంపు గ్యాస్కెట్లు, కూలెంట్ కూడా ఈ కోవలోవే. చవకైనవి, కానీ వాటి దగ్గరికి మళ్లీ రావాలంటే రేడియేటర్ తీసి, స్టీరింగ్ ర్యాక్ ఊడదీసి పక్కకు జరిపి, పుల్లీని లాగి, మొదటి నుంచి చేసుకోవాలి. వీటిని మార్చమనడానికి తమరి వాక్చాతుర్యం అక్కర లేదు.

ఇందులో ఒక వస్తువుకు మాత్రం తమరు ఎప్పుడూ సరైన మర్యాద ఇవ్వరు. ఆయిల్ పంపును కదిపినప్పుడు, కింద నూనె పీల్చే పికప్ గొట్టం దానిలోకి దూరే చోట ఒక రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. చిటికెన వేలికి ఉంగరంలా పెట్టుకుంటే సరిపోయేంత వస్తువు. దాన్ని అమర్చవలసింది కంటికి ఆనని చోట, చెయ్యి సగమే దూరే చోట, వేలి కొసతో తడుముకుంటూ. అది కొంచెం నలిగినా, ఆ గొట్టానికి తగిన మందం కానిది వేసినా, పంపు నూనెకు బదులు గాలి పీలుస్తుంది, ఆయిల్ ప్రెషర్ ముల్లు పైకి లేవదు, బేరింగులు ఎండిపోతాయి. కొన్ని డాలర్ల వస్తువు గనుక తమరి కంటికి ఆనదు. తమరు ఆ పక్కనే నిలబడి "ఎలాగూ పంపు ఊడింది కదా, హై వాల్యూమ్ పంపు తెప్పిద్దాం" అని పలికి, మాట అక్కడితో ముగిస్తారు. కొత్త పంపు పెట్టెలోంచి బయటికి వస్తుంది, పాత ఓ-రింగే లోపలికి వెళ్తుంది.

ఇప్పుడు అసలు అభియోగం. ఈ ఇంజిన్‌లో క్యామ్‌ను ముందు వైపు నుంచి లాగాలంటే, దాని మీద ఆనుకుని ఉన్న పదహారు లిఫ్టర్లు పైకి లేచి అక్కడే ఆగాలి. పుష్‌రాడ్లు తీసేసి క్యామ్‌ను నెమ్మదిగా చేత్తో తిప్పితే, ఒక్కొక్క లిఫ్టరూ తన ప్లాస్టిక్ ట్రేలోకి ఎక్కి పట్టుకుంటుంది. జాగ్రత్త కోసం ముందు నుంచి రెండు సన్నటి కడ్డీలు దూర్చి వాటిని ఆపుతారు. అంటే సిలిండర్ల పై భాగాలైన హెడ్లు విప్పనక్కర లేదు. స్ప్రింగులు మార్చడానికి కూడా అక్కర లేదు, స్పార్క్ ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పట్టిస్తే వాల్వులు జారిపోకుండా నిలుస్తాయి. తలుపు సందులోంచి పని జరిగిపోయేలా ఈ ఇంజిన్ కుదిరి ఉండగా, తమరు గోడ పడగొట్టమంటారు.

మా గ్యారేజీలో సరిగ్గా ఇక్కడే, టార్చి లైటు పట్టుకుని నిలబడ్డ ఒక తమ్ముడి నోట తమరు పలికారు. "అన్నా, లిఫ్టర్లు పాతవి కదా, ఎలాగూ ఇంతదాకా విప్పాం, అవి కూడా మార్చేస్తే పోలా?" లిఫ్టర్ల ట్రేలు హెడ్ల కింద ఉంటాయి, కాబట్టి హెడ్లు విప్పాలి. హెడ్లు విప్పితే హెడ్ గ్యాస్కెట్లు కొత్తవి కావాలి. హెడ్ బోల్టులు కూడా ఒక్కసారి సాగే రకమే, అవీ కొత్తవి. "ఎలాగూ హెడ్లు బయటికి వచ్చాయి కదా, పోర్టింగ్ చేయిద్దాం." పోర్టింగుకు, అంటే హెడ్లలోని గాలి దారులు వెడల్పు చేయడానికి, పంపితే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ పోతుంది, "ఎలాగూ గాలి పెరిగింది కదా, ఇంజెక్టర్లు పెద్దవి వేద్దాం." పొగను బయటికి నడిపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎలాగూ వేలాడుతున్నది, దాని బదులు హెడర్లు అనే పొడుగు గొట్టాలు. పిస్టన్లు పై నుంచి కనిపిస్తున్నాయి, అవి కనబడటమే తమరికి చాలు. ఇంకొక్క వాక్యం అయితే బ్లాకు కూడా బయటికి వచ్చేది. టార్చి బ్యాటరీ అయిపోవడం వల్ల తమరి ప్రసంగానికి విఘ్నం కలిగింది.

ఆ లిఫ్టర్ల విషయంలో తమరు చూపించే ధర్మశాస్త్రం ఈ ఇంజిన్‌ది కాదని కూడా మనవి చేయాలి. వెనకటి అమెరికన్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్లలో లిఫ్టరు అడుగు చదునుగా ఉండి, తన లోబు మీద రాసుకుంటూ దానికే అలవాటుపడేది. అందుకే కొత్త క్యామ్ వేస్తే లిఫ్టర్లూ కొత్తవి వేసి తీరాలి, మొదటి ఇరవై ముప్పై నిమిషాలు ఇంజిన్‌ను వేగంగా తిప్పాలి, ప్రత్యేకమైన నూనె పోయాలి అనే నియమాలు పుట్టాయి. ఎల్‌ఎస్ వంశం 1997లో కార్వెట్‌లో అడుగుపెట్టినప్పటి నుంచీ దాని లిఫ్టర్ల అడుగున చక్రాలే ఉన్నాయి. చక్రం సాఫీగా తిరుగుతూ, వదులు లేకుండా ఉంటే పాత లిఫ్టరు కొత్త క్యామ్ మీద నడుస్తుంది. బాగా తిరిగిన ఇంజిన్ అయి, చప్పుడు చేస్తూ, ట్రేలు వదులై లిఫ్టరు కింద పడే ప్రమాదం ఉంటే హెడ్లు విప్పడం న్యాయమే. కానీ ఆ నిర్ణయం ఓడోమీటరు చూసి, కారు స్టాండ్ల మీదికి ఎక్కకముందే తీసుకోవాలి. ఆదివారం సాయంత్రం, పార్ట్స్ షాపు మూసేశాక, గ్రీజు చేతులతో తీసుకునేది కాదు.

రాకర్ల గురించి మాత్రం తమరితో రాజీ పడగలను. వాటి లోపలి సూది బేరింగులు గట్టి స్ప్రింగుల కింద చెదిరి, ఆ సూదులు నూనెలో కలిసిన కథలు నిజమే. స్ప్రింగుల కోసం రాకర్లు ఎలాగూ బల్ల మీదికి వస్తాయి, ప్రెస్సు కింద పెట్టి సూదులకు బదులు బుష్‌లు (గుండ్రటి తొడుగులు) వేసుకుంటే అదనంగా విప్పవలసింది ఏమీ లేదు. చూశారా, నేను అన్యాయస్థుణ్ణి కాను. ఒక భాగాన్ని మార్చడానికి ఇంకో భాగం విప్పనక్కర లేనంతవరకు తమరితో నాకు పేచీ లేదు.

ఇన్ని చెప్పే తమరు ఎప్పుడూ చెప్పనిది ఒకటున్నది. కొత్త క్యామ్‌తో కంపెనీ కంప్యూటర్ లెక్కలు కుదరవు. ఐడిలింగులో (కారు ఆగి ఇంజిన్ మాత్రం తిరిగేటప్పుడు) గాలి ఎంత, పెట్రోలు ఎంత, స్పార్కు ఎప్పుడు అన్నది మళ్లీ రాయించకపోతే కారు ఎర్రలైటు దగ్గర వణకదు, ఆగిపోతుంది. అలా రాయించడమే ట్యూనింగ్. అది పెట్టెలో వచ్చే సామాను కాదు, చేతికి దొరికేది కాదు, గ్యారేజీలో వరుసగా పేర్చి ఫోటో తీసుకునేదీ కాదు. కాబట్టి తమరి చిట్టీలో దానికి చోటుండదు, డబ్బంతా టైటానియం రిటైనర్ల మీద పోయాక దానికి మిగలదు కూడా. పొగ పరీక్ష సంగతి అంతకన్నా ఎత్తరు. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు గానీ డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల కౌంటీల్లో పొగ పరీక్ష ఎత్తెయ్యలేదు. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూ వెళ్లినవాడికి వణుకు ఎంత శ్రావ్యంగా ఉన్నదీ అక్కడ ఎవరూ అడగరు. కాలిఫోర్నియాలో ఉన్నవాడైతే, ఆ రాష్ట్రం అనుమతి సంఖ్య లేని క్యామ్‌ను కొనే ముందే ఆలోచించుకోవాలి.

కావున తమరికి మేము చేయు విన్నపం ఏమనగా, ఇకపై తమరు దయచేయదలచినచో, కారు ఇంకా నాలుగు చక్రాల మీద ఉండగానే దయచేయండి. కాగితం, కలం సిద్ధంగా ఉంచుతాము. క్యామ్ కొలతలు ముందు పెట్టుకుని కూర్చుందాము. స్ప్రింగులు, పుష్‌రాడ్లు, బోల్టులు, సీళ్లు, ఓ-రింగ్, ట్యూనింగ్ రుసుము అన్నిటికీ తమరు చెప్పినంత రాసుకుంటాము. రేడియేటర్ నుంచి కూలెంట్ మొదటి చుక్క కారిన క్షణం నుంచి మాత్రం తమరికి గ్యారేజీ ప్రవేశం నిషేధం.

ఇట్లు,
తమరి విధేయుడు,
టార్క్ రెంచీ పట్టుకోవడానికి పిలిపించబడిన స్నేహితుడు

తా.క. ఈ ఉత్తరం మడుస్తుండగా, క్లచ్ కూడా మార్చమని తమరు సలహా ఇచ్చినట్టు మిత్రుడు ఇప్పుడే తెలియజేశాడు. ఆ కార్వెట్‌లో గేరుబాక్సు వెనక చక్రాల దగ్గర ఉంటుంది; క్లచ్ దగ్గరికి చేరాలంటే ఎగ్జాస్ట్, వెనక సస్పెన్షన్ క్రేడిల్, డిఫరెన్షియల్, గేరుబాక్సు, దాన్ని ఇంజిన్‌తో కలిపే టార్క్ ట్యూబు అన్నీ కిందికి దించాలి. మేము విప్పింది ముందు వైపు. వెనక వైపు ఒక్క బోల్టును కూడా ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ తమరు ఏ హోదాలో మాట్లాడుతున్నారో మరు టపాలో తెలియజేయ ప్రార్థన.